సైంటిఫిక్ నేమ్ సరిగ్గా రాయడం ఎలాగ: జీడిమామిడి నుంచి వనామీ రొయ్య దాకా

కాలేజీ ఆవరణలో మామిడి చెట్టుకి రేకు బోర్డు కొడతారు, పెయింటర్ దాని మీద మాంజిఫెరా ఇండికా అని అన్నీ క్యాపిటల్ లెటర్సే రాసేసి పోతాడు. తేలినీలాపురం వెళ్ళి పక్షుల ఫొటోలు తీసినోళ్ళు కింద పేరు పెడతారు గాని రెండు మాటలకీ మొదటి అక్షరం క్యాపిటలే ఉంటాది. ప్రాజెక్టు రిపోర్టులైతే ఇంక చెప్పక్కర్లేదు, ఒక పేజీలో ఇటాలిక్, ఇంకో పేజీలో మామూలుగా, టేబుల్లో బోల్డు, చివర్న ఎల్ అనే అక్షరం ఉందా లేదా అన్నది ఎక్కడ్నుంచి కాపీ కొట్టారో దాన్ని బట్టి. శ్రీకాకుళం, విజయనగరం వైపు డిగ్రీ పిల్లల రిపోర్టులు, హెర్బేరియం షీట్లు, అంటే ఎండబెట్టిన మొక్కల్ని అతికించిన కాగితాలు, దిద్దే పని నాకు ఏటా పడతాది, ఏటా అవే తప్పులు, అందుకే అంతా ఒక్కచోట రాసి పెడుతున్నాను, మన దగ్గర కనపడే చెట్లూ జంతువుల పేర్లతోనే.

ముందే ఒక మాట. ఈ పేర్లలో క్యాపిటల్, ఇటాలిక్, బ్రాకెట్, కామా ఇవన్నీ అందం కోసం పెట్టారని చాలామంది అనుకుంటారు. ఒక్కోటీ ఒక్కో సంగతి చెప్తాది. బ్రాకెట్ తీసేస్తే ఆ జీవి చరిత్రలో ఒక ముక్క పోయినట్టే, లేనిచోట పెడితే లేని చరిత్ర పుట్టించినట్టే. ఏది ఏం చెప్తాదో తెలిస్తే రూల్స్ బట్టీ పట్టే పని ఉండదు, చూడగానే తప్పు కంటికి తగుల్తాది.

ఇక్కడ చదవడానికి వీలుగా పేర్లన్నీ తెలుగు అక్షరాల్లో పెట్టాను, మీరు రిపోర్టులో రాసేటప్పుడు మాత్రం సైంటిఫిక్ నేమ్ ఎప్పుడూ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి, తెలుగు మీడియం అయినా సరే. తెలుగు అక్షరాల్లో రాసింది పలకడానికి మాత్రమే, దానికి సైన్సులో లెక్క లేదు.

రెండు మాటల సంగతి

పేరులో మొదటి మాట జీనస్, రెండోది ఎపిథెట్. మన పేర్లలో ఇంటిపేరు ముందూ సొంత పేరు తర్వాతా వచ్చినట్టే, జీనస్ అన్నది ఇంటిపేరు. జీనస్ మొదటి అక్షరం క్యాపిటల్, ఎపిథెట్ మొత్తం స్మాల్. రెండూ ఇటాలిక్. జీడిమామిడి అనకార్డియం ఆక్సిడెంటేల్, దీంట్లో మొదటి ఎ క్యాపిటల్, రెండో మాటలో ఓ స్మాల్. వరి ఒరైజా సటైవా, కొబ్బరి కోకోస్ న్యూసిఫెరా, తాటి బొరాసస్ ఫ్లాబెల్లిఫర్, అన్నిటికీ ఇదే.

ఎక్కడ తప్పుతారంటే ఊరి పేరో దేశం పేరో మనిషి పేరో ఎపిథెట్‌లో ఉంటే. ఇండికా అంటే ఇండియా కదా, ఇంగ్లీషులో దేశం పేరుకి క్యాపిటల్ కదా అని ఐ పెద్దది చేసేస్తారు. అలా చెయ్యకూడదు, అక్కడ అది దేశం పేరు కింద లెక్క కాదు, ఎపిథెట్ కింద లెక్క. తేలినీలాపురం గూడబాతు పెలికానస్ ఫిలిప్పెన్సిస్, ఫిలిప్పీన్స్ పేరే అయినా పి స్మాల్. అన్నట్టు ఈ పక్షి ఇప్పుడు ఫిలిప్పీన్స్‌లో లేదు, అక్కడ ఎప్పుడో పోయింది, మన టెక్కలి పక్కన చింతచెట్ల మీద గూళ్ళు పెట్టుకుంటాది, అయినా పేరు మారదు. పేరు అబద్ధంగా ఉంది కదా అని మార్చేసే వీలు రూల్స్‌లో లేదు, అది గుర్తింపు కోసం పెట్టింది, వర్ణన కోసం పెట్టింది కాదు.

ఎపిథెట్ ఒక్కదాన్నీ విడిగా రాయడం ఇంకో తప్పు. ఇది మన తీరంలో బాగా అలవాటైపోయింది, భోగాపురం, పూసపాటిరేగ వైపు హేచరీల దగ్గర గాని సంతబొమ్మాళి వైపు చెరువుల దగ్గర గాని అందరూ వనామీ అంటారు, పాతోళ్ళు మోనోడాన్ అని కూడా అంటారు, రెండూ ఎపిథెట్లే. వ్యాపారంలో మాట్లాడుకోడానికి ఇబ్బందేం లేదు, వనామీ కౌంటు ఎంత పలికింది అంటే అందరికీ తెలుస్తాది. రిపోర్టులో మాత్రం పీనియస్ వనామీ అని రెండు మాటలూ ఉండాలి, ఎందుకంటే ఎపిథెట్ ఒంటరిగా ఏ జీవినీ సూచించదు, ఇండికా అనే ఎపిథెట్ మామిడికీ చింతకీ వేపకీ కూడా ఉంది.

ఇటాలిక్, అండర్‌లైన్

టైపు చేస్తే ఇటాలిక్, చేత్తో రాస్తే అండర్‌లైన్. రికార్డు బుక్కులో, పరీక్ష పేపర్లో, హెర్బేరియం లేబుల్ మీద చేత్తోనే రాస్తారు కాబట్టి అండర్‌లైన్ గీయాలి, రెండు మాటల కింద రెండు విడివిడి గీతలు, మధ్య ఖాళీ కింద గీత ఉండకూడదు. ఒకే పొడుగు గీత గీసేస్తే మార్కులు కోసే ఎగ్జామినర్లు ఉన్నారు, అది వాళ్ళ తప్పు కాదు. టైపు చేసినప్పుడు ఇటాలిక్ పెట్టి మళ్ళీ అండర్‌లైన్ కూడా గీస్తారు కొందరు, రెండూ అక్కర్లేదు. హెడ్డింగ్ మొత్తం ఇటాలిక్‌లో ఉంటే అప్పుడు సైంటిఫిక్ నేమ్ మాత్రం నిటారుగా మామూలు అక్షరాల్లో పెట్టాలి, చుట్టూ ఉన్నదాన్నించి విడిగా కనపడాలి అంతే.

పేరు తర్వాత వచ్చే మనిషి పేరు, సంవత్సరం, ఎస్‌పీ, వేర్, సబ్‌స్పీసీస్ లాంటి పొట్టి మాటలు (ఇవేంటో కింద చెప్తాను) ఇవేవీ ఇటాలిక్ కావు. వర్డ్‌లో మొత్తం సెలక్ట్ చేసి కంట్రోల్ ఐ నొక్కేస్తారు, అక్కడే దొరికిపోతారు.

వాట్సాప్‌లో పంపేటప్పుడు పేరుకి ముందొకటి వెనకొకటి అండర్‌స్కోర్ పెడితే ఇటాలిక్ అయిపోతాది. ఇన్‌స్టాలో, ఫేస్‌బుక్‌లో ఆ సదుపాయం లేదని ఫ్యాన్సీ టెక్స్ట్ యాప్‌లోంచి వంకర అక్షరాలు తెచ్చి పెట్టేవాళ్ళున్నారు, దయచేసి అలా చెయ్యకండి, అవి నిజంగా అక్షరాలు కావు, లెక్కల్లో వాడే గుర్తులు, రేపు ఎవరైనా ఆ పేరు పెట్టి వెతికితే మీ ఫొటో దొరకదు, చూపు లేనివాళ్ళ కోసం పైకి చదివే యాప్ కూడా దాన్ని సరిగ్గా చదవదు. ఇటాలిక్ కుదరని చోట మామూలుగా రాసి వదిలేయండి, క్యాపిటల్, స్మాల్ సరిగ్గా ఉంటే చాలు.

జీనస్‌ని కుదించడం

మొదటిసారి పేరు పూర్తిగా రాయాలి. రెండోసారి నుంచి జీనస్ మొదటి అక్షరం, పక్కన ఫుల్‌స్టాప్, ఒక స్పేస్, తర్వాత ఎపిథెట్. అంటే మన ఇంటిపేరు ఇనీషియల్ అయిపోయినట్టే. కుదించినా ఇటాలిక్ అలాగే ఉంటాది, ఎపిథెట్‌ని మాత్రం ఎప్పుడూ కుదించకూడదు. వాక్యం మొదట్లో వస్తే పూర్తిగా రాయడం మంచిది. అబ్‌స్ట్రాక్ట్‌లో ఒకసారి, లోపల ఒకసారి, బొమ్మల కింద, టేబుల్ హెడ్డింగుల్లో మళ్ళీ పూర్తిగా రాస్తారు, ఎందుకంటే చదివేవాళ్ళు అక్కడికే నేరుగా వచ్చి చూడొచ్చు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఉద్దానం తోటల మీద రిపోర్టు రాస్తున్నారనుకోండి. జీడి జీనస్ అనకార్డియం. కొబ్బరి ఆకుల కింద తెల్లటి చుట్టలు పెట్టే సర్పిలాకార తెల్లదోమ ఉంది కదా, దాని జీనస్ అల్యూరోడైకస్, ఎపిథెట్ రుగియోపెర్క్యులేటస్. తోటలో వక్క కూడా ఉంటే అది అరెకా. మూడింటికీ ఇనీషియల్ ఎ. ఇలాంటప్పుడు ఎ చుక్క అని రాస్తే చదివేవాడు ఏది పురుగో ఏది చెట్టో వెనక్కి వెళ్ళి చూసుకోవాలి. కుదించకుండా పూర్తిగానే రాసెయ్యండి, రెండు పేజీలు పెరిగితే పెరిగాయి. గోగు సంగతి అలా కాదు, ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానంలో పని జరిగే గోగు పంటలో రెండు జాతులున్నాయి, హైబిస్కస్ సబ్‌డరిఫా, హైబిస్కస్ కన్నాబినస్, జీనస్ ఒకటే కాబట్టి ఒకసారి పూర్తిగా చెప్పాక హెచ్ చుక్క పెట్టి రెండూ రాసుకోవచ్చు, గొడవ రాదు. మన వాడుకలో రెండిటినీ గోగు అనో గోంగూర అనో అంటారు కాబట్టి రిపోర్టులో గోగు అని ఒక్క మాట రాసి ఊరుకుంటే ఏ పంట మీద పని చేశారో ఎవరికీ తెలీదు.

బ్రాకెట్ ఎప్పుడు, ఎందుకు

ఇది జాగ్రత్తగా చదవండి, తొంభై శాతం మంది ఇక్కడే తప్పుతారు అని లెక్కలు చెప్పను గాని నేను దిద్దే కాగితాల్లో ఎర్ర ఇంకు ఎక్కువ పడేది ఇక్కడే.

పేరు చివర ఆ జాతికి మొదట పేరు పెట్టిన మనిషి పేరు రాస్తారు, దాన్ని ఆథర్ అంటారు. మొక్కలకి ఆ లెక్క స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో వేసిన స్పీసీస్ ప్లాంటారం నుంచి మొదలు, జంతువులకి 1758లో వచ్చిన ఆయనదే సిస్టమా నాచురే పదో ఎడిషన్ నుంచి. మొక్కలకి ఒక కోడ్, అంటే పేర్ల రూల్స్ పుస్తకం, జంతువులకి ఇంకో కోడ్, రెండూ వేరు, రాసే పద్ధతీ వేరు. మొక్కల్లో లిన్నేయస్‌ని ఎల్ అనే ఒక్క క్యాపిటల్ అక్షరం, పక్కన ఫుల్‌స్టాప్ పెట్టి రాస్తారు, సంవత్సరం రాయరు. జంతువుల్లో ఇంటిపేరు పూర్తిగా రాసి కామా పెట్టి సంవత్సరం రాస్తారు. మామిడికి మాంజిఫెరా ఇండికా ఎల్, అంతే. నాగుపాముకి నాజా నాజా, బ్రాకెట్లో లిన్నేయస్ కామా 1758.

మరి నాగుపాముకి బ్రాకెట్ ఎందుకొచ్చింది, మామిడికి ఎందుకు రాలేదు? మొదట పేరు పెట్టినప్పుడు ఏ జీనస్‌లో పెట్టారో ఇప్పటికీ అదే జీనస్‌లో ఉంటే బ్రాకెట్ ఉండదు. వేరే జీనస్‌లోకి మారితే మొదటి ఆథర్ బ్రాకెట్లోకి వెళ్తాడు. నాగుపాముని లిన్నేయస్ కొలుబర్‌లో పెట్టాడు, తర్వాత నాజాలోకి వచ్చింది, అందుకే బ్రాకెట్. మామిడి మొదటి నుంచీ మాంజిఫెరాయే.

తేలినీలాపురంలో ఒకే చెట్టు మీద రెండిటికీ ఉదాహరణ దొరుకుతాది. గూడబాతుకి పెలికానస్ ఫిలిప్పెన్సిస్ గ్మెలిన్, 1789, బ్రాకెట్ లేదు, జీనస్ మారలేదు. పక్కన ఎర్రకాళ్ళ కొంగకి మిక్టీరియా ల్యూకోసెఫలా, తర్వాత బ్రాకెట్లో పెనంట్, 1769. పెనంట్ దాన్ని టాంటాలస్ అనే జీనస్‌లో పెట్టాడు కాబట్టి. అలాగే ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వచ్చే ఓపెన్‌బిల్ కొంగ అనాస్టోమస్ ఆసిటాన్స్, బ్రాకెట్లో బొడార్ట్, 1783. వీటిని సైబీరియా పక్షులు అని పేపర్లలో రాస్తూ ఉంటారు, ఓపెన్‌బిల్‌కి సైబీరియాతో ఏ సంబంధమూ లేదు, అది దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షే, ఇది పేరు రాసే విషయం కాదు గాని వదల్లేకపోయాను. మన తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేలు లెపిడోకెలిస్ ఒలివేసియా, బ్రాకెట్లో ఎష్షోల్ట్స్, 1829, మొదట కెలోనియాలో ఉండేది.

ఇంక రొయ్య సంగతి చూడండి, దీంట్లో అంతా అర్థమైపోతాది. వనామీ రొయ్యకి బూన్ 1931లో పీనియస్ వనామీ అని పేరు పెట్టాడా పెట్టిందా అని అడక్కండి, ఆవిడ పెట్టింది, పెర్ల్ బూన్. అప్పుడు బ్రాకెట్ లేదు. 1997లో పీనియస్‌ని ముక్కలు చేసి లిటోపీనియస్‌ని విడి జీనస్ చేశారు, దాంతో లిటోపీనియస్ వనామీ అయ్యింది, బూన్, 1931 బ్రాకెట్లోకి పోయింది. తర్వాత ఆ విడదీయడం సరిగ్గా లేదని మళ్ళీ పీనియస్‌లోకే తెచ్చారు, సముద్ర జీవుల రిజిస్టర్ వర్మ్స్‌లో ఇప్పుడు పీనియస్ వనామీ అనే ఉంది, బ్రాకెట్ ఊడిపోయింది. అంటే బ్రాకెట్ అన్నది బూన్‌కి అతుక్కున్నది కాదు, మీరు వాడే జీనస్‌ని బట్టి వస్తాది పోతాది. పిల్లలు చేసేది ఏటంటే పాత పేపర్లోంచి బ్రాకెట్‌తో సహా ఆథర్‌ని కాపీ చేసి కొత్త జీనస్ పక్కన అతికిస్తారు, పీనియస్ వనామీ, బ్రాకెట్లో బూన్, 1931, ఇది తప్పు. లిటోపీనియస్ రాస్తే బ్రాకెట్ పెట్టండి, పీనియస్ రాస్తే తీసెయ్యండి, రిపోర్టంతా ఏదో ఒకటే వాడండి, ఫీడ్ కంపెనీ పేపర్లోది ఒకచోట, టెక్స్ట్‌బుక్‌లోది ఇంకోచోట వాడితే రెండు రొయ్యల గురించి రాసినట్టు ఉంటాది. టైగర్ రొయ్యకి ఈ గొడవ లేదు, పీనియస్ మోనోడాన్ ఫాబ్రీషియస్, 1798, మొదటి నుంచీ అక్కడే ఉంది.

మొక్కల్లో అయితే ఇంకో మెట్టు ఎక్కువ. జీనస్ మార్చినాయన పేరు కూడా బ్రాకెట్ బయట రాయాలి. చోళ్ళు, అదే రాగులు, ఎల్యూసిన్ కొరకానా, బ్రాకెట్లో ఎల్, బయట గేర్టన్ అని కుదించి ఫుల్‌స్టాప్. అంటే లిన్నేయస్ మొదట పేరు పెట్టాడు, గేర్ట్‌నర్ ఈ జీనస్‌లోకి తెచ్చాడు. జంతువుల్లో మార్చినాయన పేరు మామూలుగా రాయరు.

మన కొండల చెట్లు చూస్తే ఆథర్ దగ్గర రాక్స్‌బ్ అని చాలాసార్లు తగుల్తాది, అది విలియం రాక్స్‌బర్గ్, సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరం మొక్కల మీద పని చేసినాయన. తునికి డయోస్పైరోస్ మెలనోజైలాన్ రాక్స్‌బ్, వేగిస టెరోకార్పస్ మార్సూపియం రాక్స్‌బ్. తెల్లమద్దికి మాత్రం టెర్మినాలియా అర్జునా, బ్రాకెట్లో రాక్స్‌బ్ ఎక్స్ డీసీ, బయట వైట్, ఆర్న్. ఆ ఎక్స్ అన్నది ఇంగ్లీషు అక్షరం కాదు, ఈ, ఎక్స్ రెండక్షరాల లాటిన్ మాట, రాక్స్‌బర్గ్ అనుకున్న పేరుని రూల్స్ ప్రకారం మొదట అచ్చేసింది డి కాండోల్ అని దానర్థం. ఈ పొట్టి పేర్లు మనిష్టం వచ్చినట్టు కుదించడానికి లేదు, ఒక్కో బోటనిస్టుకీ ఒక్కో ఖాయమైన పొట్టి రూపం ఉంది, ఇప్నీ అనే సైటులో చూసుకోవచ్చు. రాక్స్ అని రాస్తే కుదరదు.

ప్రతిసారీ ఆథర్ రాయాలా అంటే అక్కర్లేదు. మొదటిసారి వచ్చినప్పుడో, జాతుల పట్టికలోనో ఒకసారి రాస్తే చాలు. చెట్టు బోర్డు మీదయితే నేను వద్దనే అంటాను, ఉన్న కాస్త చోటులో తెలుగు పేరు పెద్దగా రాసుకోండి.

చివరి అక్షరాలు, స్పెల్లింగు

లాటిన్‌లో జీనస్‌కి లింగం ఉంటాది, ఎపిథెట్ విశేషణమైతే దానికి తగ్గట్టు తోక మారుతాది, అస్, ఆ, అమ్ అని. లిన్నేయస్ చోళ్ళకి సైనోసూరస్ కొరకానస్ అని పెట్టాడు, ఎల్యూసిన్‌లోకి వచ్చేసరికి కొరకానా అయ్యింది. ఎర్రకాళ్ళ కొంగ టాంటాలస్ ల్యూకోసెఫలస్ నుంచి మిక్టీరియా ల్యూకోసెఫలా అయ్యింది. జీడికి ఆక్సిడెంటాలిస్ కాకుండా ఆక్సిడెంటేల్ అని ఉండడం కూడా దీనివల్లే, అనకార్డియం నపుంసకలింగం. బిళ్ళగన్నేరు వింకా రోజియా నుంచి కాథరాంథస్ రోజియస్. అయితే జీనస్ చివర అస్ ఉందని పుంలింగమే అనుకోవద్దు, చింత టామరిండస్ ఇండికా, ఇండికస్ కాదు, చెట్ల పేర్లని లాటిన్‌లో స్త్రీలింగం కింద చూసే అలవాటు ఉంది. కాబట్టి మీరే తోకలు సరిచెయ్యడానికి ఎళ్ళకండి, వెతికి చూసి ఉన్నది ఉన్నట్టు రాయండి.

ఉన్నది ఉన్నట్టు అంటే ఎంతవరకంటే, రక్తపింజర పేరు చూడండి, డబోయా రసెలీ. 18వ శతాబ్దం చివర్లో విశాఖపట్నంలో ఉండి పాముల మీదా చేపల మీదా పుస్తకాలు వేసిన పాట్రిక్ రస్సెల్ పేరు మీద పెట్టారు, ఆయన ఈ పాముకి కాటుక రేకుల పొడ అని మన పేరే రాసుకున్నాడు. ఆయన ఇంటిపేరులో ఎస్ రెండు, ఎల్ రెండు. కానీ 1797లో షా, నాడర్ పేరు పెట్టినప్పుడు ఎల్ ఒకటే వేశారు, చివర ఐ రెండు. కాబట్టి ఆర్, యు, ఎస్, ఎస్, ఈ, ఎల్, ఐ, ఐ, ఇదే సరైన స్పెల్లింగు. ఇంగ్లీషు పేరు రస్సెల్స్ వైపర్‌లో ఎల్ రెండుంటాయి, దాన్ని చూసి ఇక్కడ కూడా రెండు పెట్టేస్తారు. సరిచేశామనుకుని తప్పు చేసినట్టవుద్ది. బంగారుపాము, అదే పసుపూ నలుపూ పట్టీల కట్లపాము, దాని జీనస్ బంగారస్ కూడా రస్సెల్ రాసుకున్న మన బంగారు పాము మాటలోంచే వచ్చింది, కానీ స్పెల్లింగు మన పలుకుబడి ప్రకారం ఎ తో కాదు, బి తర్వాత యు.

మందారానికి హైబిస్కస్ రోజా సైనెన్సిస్, ఎపిథెట్‌లో రెండు మాటలుంటే మొక్కల్లో మధ్యన హైఫన్ పెట్టాలి, అది కూడా పేరులో భాగమే. జంతువుల్లో అయితే కలిపి రాసేస్తారు. ఇంకో తేడా, నాజా నాజా లాగ జీనస్, ఎపిథెట్ ఒకటే అవ్వడం జంతువుల్లో చెల్లుతాది, మొక్కల్లో చెల్లదు.

జాతి కింద ఉండేవి

కొమరాడ వైపు తిరిగే ఏనుగులు ఎలిఫాస్ మాగ్జిమస్ ఇండికస్. జంతువుల్లో ఉపజాతి పేరు మూడో మాటగా నేరుగా వస్తాది, మూడూ ఇటాలిక్, మధ్యలో ఏ పొట్టి మాటా అక్కర్లేదు. మొక్కల్లో మాత్రం సబ్‌స్పీసీస్సో, వెరైటీయో, ఫార్మాయో చెప్పి తీరాలి, ఇప్పచెట్టు మధుకా లాంగిఫోలియా, వేర్, లాటిఫోలియా, మధ్యలో వేర్ చుక్క మామూలు అక్షరాల్లో. వరిలో బాక్టీరియా ఎండాకు తెగులు తెచ్చేది జాంథోమోనాస్ ఒరైజే పీవీ ఒరైజే, ఆ పీవీ అంటే పాథోవార్, తెగులు తెచ్చే తీరుని బట్టి చేసిన రకం, అది కూడా అంతే, నిటారుగా.

ఈ వెరైటీకీ రైతులు అనే వెరైటీకీ సంబంధం లేదు. సువర్ణరేఖ మామిడి, శ్రీకాకుళం సన్నాలు వరి, ఇవి కల్టివార్లు, అంటే మనుషులు ఎంచి సాగు చేసే రకాలు, వీటికి విడి కోడ్ ఉంది. మాంజిఫెరా ఇండికా ఇటాలిక్‌లో రాసి, పక్కన సింగిల్ కొటేషన్ మార్కుల మధ్య సువర్ణరేఖ, ఇటాలిక్ లేకుండా, మొదటి అక్షరం క్యాపిటల్. డబల్ కొటేషన్ వాడొద్దు. పాత పుస్తకాల్లో సీవీ చుక్క అని కనపడతాది, ఇప్పుడు అది పోయింది, కొటేషన్లే. శ్రీకాకుళం సన్నాలకి రాగోలు పరిశోధన స్థానం నంబరు ఆర్‌జీఎల్ 2537 కాబట్టి రిపోర్టులో ఆ నంబరు కూడా ఇవ్వండి, సన్నాలు అన్న మాట మార్కెట్లో సన్నగా ఉన్న ప్రతి బియ్యానికీ పెడతారు.

అరటి హైబ్రిడ్, మ్యూసా తర్వాత గుణకారం గుర్తు, తర్వాత పారడిసియాకా. ఆ గుర్తు ఎక్స్ అక్షరం కాదు, ఇన్‌టూ గుర్తు, వర్డ్‌లో ఆల్ట్ పట్టుకుని 0215 కొడితే వస్తాది. దొరక్కపోతే చిన్న ఎక్స్ పెట్టుకోవచ్చు గాని ఇటాలిక్ చెయ్యకండి.

జాతి ఏదో తెలీనప్పుడు

జీనస్ తెలిసి జాతి తెలీకపోతే జీనస్ ఇటాలిక్‌లో రాసి ఎస్‌పీ చుక్క, మామూలుగా. ఒకటికన్నా ఎక్కువ జాతులైతే ఎస్‌పీపీ చుక్క. ఫలానా జాతిలాగే ఉంది గాని గట్టిగా చెప్పలేమంటే జీనస్‌కీ ఎపిథెట్‌కీ మధ్యన సీఎఫ్ చుక్క. దీంట్లో నామోషీ ఏం లేదు, ఫొటో ఒక్కటి చూసి ఎపిథెట్ దాకా రాసేసిన దానికన్నా ఎస్‌పీ అని ఆపిన రిపోర్టుకి నేను ఎక్కువ మార్కులు వేస్తాను. స్పీసీస్ అన్న మాట ఏకవచనానికీ బహువచనానికీ ఒకటే, చివర ఎస్ తీసేసి స్పీసీ అని రాయకండి, దానర్థం నాణేలు. జీనస్ బహువచనం జెనెరా.

ఫ్యామిలీ పేర్లు మొక్కల్లో ఏసీ అని ముగుస్తాయి, అనకార్డియేసీ, పోయేసీ, జంతువుల్లో ఇడే అని, ఎలపిడే, పీనియిడే. క్యాపిటల్‌తో మొదలెట్టండి, జంతువుల్లో ఇటాలిక్ లేదు, మొక్కల్లో కొన్ని జర్నల్స్ పెడతాయి కొన్ని పెట్టవు, మీరు ఏ జర్నల్‌కి పంపుతున్నారో దాన్ని చూసుకోండి. గ్రామినే, పామే లాంటి పాత ఫ్యామిలీ పేర్లు కూడా చెల్లుతాయి, తప్పని కొట్టెయ్యకండి.

తెలుగులో రాసేటప్పుడు, డీటీపీకి ఇచ్చేటప్పుడు

తెలుగు వ్యాసంలో మొదట తెలుగు పేరు, పక్కన బ్రాకెట్లో ఇంగ్లీషు అక్షరాల సైంటిఫిక్ నేమ్, ఆ తర్వాత అంతా తెలుగు పేరుతోనే నడిపించండి. లో, కి, ని, తో అనే విభక్తులు లాటిన్ పేరుకి అతికిస్తే ఇటాలిక్ ఎక్కడ ఆగాలో తెలీక చదవడానికి ఇబ్బందిగా ఉంటాది, తెలుగు పేరుకే అతికించండి, జీడిమామిడిలో, గూడబాతుకి. తప్పదంటే లాటిన్ పేరు తర్వాత జాతిలో, మొక్కకి అని ఒక మాట వేసి దానికి విభక్తి పెట్టండి. తెలుగు అక్షరాల్ని వంకరగా పెట్టి ఇటాలిక్ అనుకోవద్దు.

పేరు వెతకడానికి మొక్కలకి లండన్ క్యూ గార్డెన్స్ వాళ్ళ ప్లాంట్స్ ఆఫ్ ద వరల్డ్ ఆన్‌లైన్, సముద్ర జీవులకి వర్మ్స్, పాములూ తాబేళ్ళకి రెప్టైల్ డేటాబేస్, చేపలకి ఎష్‌మేయర్ కేటలాగ్, అన్నీ ఫ్రీయే. అక్కడ ఉన్న పేరుని కాపీ చేసుకోండి, ఆథర్, బ్రాకెట్‌తో సహా. ఏఐ బాట్‌ని అడిగితే పేరు కరెక్టుగానే చెప్పొచ్చు గాని ఆథరూ సంవత్సరం కల్పించి చెప్పే అవకాశం ఉంది, సైటులో చూడకుండా వాడకండి. ఏ తేదీన చూశారో నోట్ చేసుకోండి, జీనస్‌లు మారుతూనే ఉంటాయి.

ఆఖరికి డీటీపీ. మన దగ్గర చాలా షాపుల్లో ఇప్పటికీ తెలుగు అనూ ఫాంట్లలో కొడతారు, వాటిలో ఇంగ్లీషు పేరు పేస్ట్ చేస్తే తెలుగు ముక్కలు ముక్కలుగా ఏదో వచ్చేస్తాది, ఆపరేటర్ ఆ పేరు వరకు ఫాంట్ మార్చి మళ్ళీ ఇటాలిక్ పెట్టాలి, పది పేర్లలో రెండైనా మర్చిపోతారు. అందుకని పేర్లన్నీ విడిగా ఒక కాగితం మీద ప్రింట్ తీసి, క్యాపిటల్, బ్రాకెట్, ఇటాలిక్ కనపడేలాగ, మ్యాటర్‌తో పాటే ఇవ్వండి. ప్రూఫ్ వచ్చాక మొదటిసారి మ్యాటర్ చదవండి, రెండోసారి మ్యాటర్ వదిలేసి ఆ కాగితం పక్కన పెట్టుకుని పేర్లు మాత్రమే ఒక్కో అక్షరం చూసుకోండి. వర్డ్‌లో మీరే కొట్టుకుంటే ఆటోకరెక్ట్ ఆపేసుకోండి, వాక్యం మధ్యలో జీనస్ కుదించి చుక్క పెట్టగానే వాక్యం అయిపోయిందనుకుని పక్కనున్న ఎపిథెట్ మొదటి అక్షరాన్ని అది ఒక్కోసారి క్యాపిటల్ చేసేస్తాది.